అసలు, నకలు, మరమ్మతు

తెలుగులో రోజూ వాడే మూడు మాటలున్నాయి. అసలు, నకలు, మరమ్మతు. మూడూ అరబీలో పుట్టి, ఫార్సీ, దక్కనీల మీదుగా వచ్చి తెలుగింట్లో స్థిరపడ్డవే. అస్ల్ అంటే వేరు, మూలం. నఖ్ల్ అంటే నిజానికి ఒక చోటి నుంచి ఇంకో చోటికి మోసుకుపోవడం. రాసుకున్న ప్రతిని నకలు అనడం ఆ తర్వాత వచ్చిన అర్థం. ఉర్దూలో రవాణాని ఇప్పటికీ 'నఖ్ల్-ఓ-హమ్ల్' అనే అంటారు. ఇక మరమ్మతు. ఆ మాట పుట్టిన ధాతువు నుంచే 'రమీమ్' కూడా పుట్టింది. రమీమ్ అంటే చీకిపోయిన ఎముక. చీకిపోవడానికీ బాగుచేయడానికీ ఒకటే వేరు అన్నమాట.

ఈ మూడు మాటలూ ఇప్పుడెందుకంటే, మా అబ్బా జావా బండిని ఇంటి వరండాలో విప్పుకుని కూర్చున్నప్పటి నుంచి చూడవచ్చిన ప్రతి మనిషీ ఒకటే సవాల్ వేస్తున్నాడు. "ఒరిజినలేనా అన్నా?" ట్యాంకు ఒరిజినలా, సైలెన్సర్లు ఒరిజినలా, ఇంజిన్ నంబరు ఒరిజినలా. పాత టూ స్ట్రోక్ బండ్లకి ఈ మధ్య బజారు బాగా పెరిగింది. ఆ బజారులో ఖరీదు కట్టేది ఈ ఒక్క మాటతోనే. కంపెనీ నుంచి వచ్చిన రోజు ఎలా ఉందో అలా ఉంటే లక్షలు. మధ్యలో ఏ మిస్త్రీ చెయ్యి పడినా ధర పడిపోతుంది.

నాకైతే ఈ లెక్క తలకిందులుగా కనిపిస్తోంది. టూ స్ట్రోక్ తారీఖులో అసలు అనేది వెతికితే దొరకడం చాలా కష్టం. ఉన్నదంతా నకలూ మరమ్మతూనే. ఆ మాట ఎందుకంటున్నానో మొదటి నుంచీ చెప్తాను.

షజ్రా

దర్గాల ఖాందాన్లలో షజ్రా రాసిపెట్టుకుంటారు. ఎవరి నుంచి ఎవరికి వచ్చిందో వరసగా చెప్పే వంశవృక్షం. మన బండ్లకీ అలాంటిది ఒకటి రాయొచ్చు.

ముందు టూ స్ట్రోక్ అంటే ఏమిటో రెండు మాటలు. బుల్లెట్ లాంటి ఫోర్ స్ట్రోక్ ఇంజిన్‌లో పిస్టన్ నాలుగుసార్లు కిందికీ పైకీ నడిస్తే ఒకసారి మంట పుడుతుంది. పెట్రోలు లోపలికి రావడానికీ, పొగ బయటికి పోవడానికీ వాల్వులు ఉంటాయి. టూ స్ట్రోక్‌లో రెండు నడకలకే ఒక మంట. వాల్వులు లేవు. సిలిండర్ గోడకి కిటికీల్లాంటి రంధ్రాలుంటాయి, పిస్టనే పైకీ కిందికీ పోతూ వాటిని తెరుస్తుంది, మూస్తుంది. అందుకే భాగాలు తక్కువ, బరువు తక్కువ, ఖరీదు తక్కువ. విప్పడం తేలిక, బిగించడం తేలిక. గల్లీలో కూర్చున్న మిస్త్రీ దాని గుట్టంతా పట్టేయగలిగాడంటే కారణం ఇదే.

స్కాట్లాండ్‌కి చెందిన డుగాల్డ్ క్లర్క్ 1880 ప్రాంతాల్లోనే టూ స్ట్రోక్ ఇంజిన్ చేశాడు. దాన్ని ఇంకా సులువు చేసి, క్రాంకు ఉండే గదినే పంపులా వాడుకునే పద్ధతి తెచ్చింది ఇంగ్లండులో బాత్ ఊరికి చెందిన జోసెఫ్ డే, 1890ల మొదట్లో. ఆయన కారఖానాలో పనిచేసే ఫ్రెడరిక్ కాక్ దాన్ని మరికాస్త సవరించాడు. అంటే పుట్టుకలోనే మొదటి మరమ్మతు జరిగిపోయింది.

తర్వాతి మజిలీ జర్మనీ. డీకేడబ్ల్యూ అనే కంపెనీ 1930లలో అడాల్ఫ్ ష్నూర్లే అనే ఇంజినీరు కనిపెట్టిన పద్ధతిని వాడుకుంది. లోపలికొచ్చే తాజా పెట్రోలు గాలిని ఒక మలుపు తిప్పి పంపితే, కాలిన పొగని అదే తోసేస్తుంది. పిస్టన్ తలని బుడిపెలా చేయాల్సిన పని తప్పింది. ఆ కంపెనీ చేసిన ఆర్‌టీ 125 అనే చిన్న బండి రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక ప్రపంచమంతా చెల్లాచెదురైంది. ఓడిన జర్మనీ డిజైన్లు గెలిచిన వాళ్ల చేతికి వచ్చాయి. రష్యాలో అది మాస్క్వా అయింది. ఇంగ్లండులో 1948లో బీఎస్‌ఏ బాంటమ్ అయింది. అమెరికాలో హార్లే డేవిడ్సన్ వాళ్ల చిన్న బండి అయింది. జపానులో పియానోలు చేసే ఒక కంపెనీ 1955లో తన మొదటి మోటార్‌సైకిల్ చేసింది, వైఏ 1. అదీ ఆర్‌టీ 125 నకలే. ఆ కంపెనీ పేరు యమహా. ముప్ఫై ఏళ్ల తర్వాత మన కుర్రాళ్లు ప్రాణం పెట్టిన ఆర్‌ఎక్స్ 100 ఆ ఇంటి బిడ్డే.

మా జావా కథా అంతే. ప్రాగ్‌లో ఆయుధాల కారఖానా నడిపే ఫ్రాంటిషెక్ యానెచెక్, జర్మనీ వాండరర్ కంపెనీ నుంచి మోటార్‌సైకిల్ హక్కులు కొని 1929లో మొదలుపెట్టాడు. యానెచెక్‌లో 'జా', వాండరర్‌లో 'వా' కలిపి జావా. పేరులోనే సగం అరువు. 1930లలో ఇంగ్లండు విల్లియర్స్ ఇంజిన్ పెట్టి చవక బండి చేశాడు. ఆ దశకం మధ్యలో ష్నూర్లే పద్ధతికి లైసెన్సు తీసుకున్నాడు. యుద్ధకాలంలో దేశం జర్మన్ ఫౌజు చేతిలో ఉన్నప్పుడు, కారఖానాలో ఇంజినీర్లు చాటుగా కొత్త 250 సీసీ బండి తయారు చేసుకున్నారు. పట్టుబడకుండా దానికి డీకేడబ్ల్యూ పేరు తగిలించి రోడ్డు మీద పరీక్షించేవాళ్లని చెప్తారు. అసలు బండి నకలు వేషం వేసుకున్న కిస్సా అది. 1946లో పారిస్ ప్రదర్శనలో దాన్ని లోకానికి చూపించారు. దాని వారసుడే 1954లో వచ్చిన 353 రకం. మా వరండాలో ఉన్నది దాని మైసూరు రూపం.

మైసూరు దారి

1950లలో బయటి బండ్ల దిగుమతి మీద ఆంక్షలు బిగిశాయి. బండి కావాలంటే ఇక్కడే చేయాలి, చేయాలంటే సర్కారు లైసెన్సు ఉండాలి. మద్రాసు తిరువొట్టియూర్‌లో 1950ల మధ్యలో ఎన్‌ఫీల్డ్ బుల్లెట్ తయారీ మొదలైంది, అది ఫోర్ స్ట్రోక్. టూ స్ట్రోక్‌లో రెండు పెద్ద పేర్లు 1960ల మొదట్లో వచ్చాయి. ఎస్కార్ట్స్ కంపెనీ పోలెండు దేశపు ఎస్‌హెచ్‌ఎల్ ఎం 11 బండిని తెచ్చి రాజ్‌దూత్ అని పేరు పెట్టింది. 1973లో 'బాబీ' సినిమా వచ్చాక దాని చిన్న రకం ఒకటి ఆ పేరుతోనే ఊరూరా తిరిగింది. రెండోది మైసూరు యాదవగిరిలో ఇరానీ కుటుంబం పెట్టిన ఐడియల్ జావా. కంపెనీ 1960లో మొదలైతే, 1961లో బండ్లు బయటికొచ్చాయి. కారఖానాని ప్రారంభించింది అప్పటి మైసూరు గవర్నరు, మాజీ మహారాజా జయచామరాజ ఒడయార్.

1973లో జావా పేరు పోయి యెజ్డీ వచ్చింది. ఈ పేరు గురించి రెండు మాటలు వినపడతాయి. ఇరానీ పెద్దల మూలం యజ్ద్ నగరం, యజ్ద్ వాళ్లని ఫార్సీలో 'యజ్దీ' అంటారు అని ఒకటి. చెక్ భాషలో 'యెజ్డీ' అంటే బండి మీద పోతున్నాడు అనే అర్థం కూడా ఉంది అని రెండోది. నాకు రెండూ ఇష్టమే. జొరాస్ట్రియన్ ఖాందాన్, చెక్ ఇంజిన్, జర్మన్ పద్ధతి, కన్నడ కార్మికులు. ఆ బండి మీద మా ఊళ్లో తెలుగు పాఠశాలల మధ్య తిరిగిన ఉర్దూ మాస్టరు మా అబ్బా. ఇందులో అసలు ఏది, నకలు ఏది? నఖ్ల్ అంటే మోసుకుపోవడం అన్నాను కదా. ఒక చేతి నుంచి ఇంకో చేతికి హునర్ మోసుకొచ్చిన దారి ఇది. ఎవరూ సిగ్గుపడాల్సింది లేదు.

జంగ్

ఉర్దూలో జంగ్ రెండు రకాలు. జీమ్‌తో రాస్తే యుద్ధం. జే అక్షరంతో, నాలుక పళ్ల దగ్గర రుద్దుతూ పలికితే తుప్పు. తెలుగు లిపిలో రెండింటికీ ఒకటే రూపం. నెల్లూరు తీరంలో ఉన్నవాళ్లకి ఆ తేడా పెద్దగా అవసరం కూడా లేదు. ఇక్కడ ఇనుముతో బతకడమంటే తుప్పుతో రోజూ యుద్ధమే.

నెల్లూరు టౌనుకి సముద్రం ఇరవై చిల్లర కిలోమీటర్లు. మైపాడు, ఇసకపల్లి, కృష్ణపట్నం, తూపిలిపాళెం వైపు పోయేకొద్దీ గాలిలో ఉప్పు ఎక్కువవుతుంది. బండికి ముందుగా పోయేవి చువ్వలు, సైలెన్సర్ల అడుగు, హెడ్‌లైట్ లోపలి గిన్నె, ట్యాంకు కింది అంచు. పైకి రంగు బాగానే ఉంటుంది. వేలితో నొక్కితే లోపలికి దిగిపోతుంది.

అయినా ఈ తీరం టూ స్ట్రోక్‌ని వదల్లేదు. చేపల గంప, ఐసు పెట్టె, రొయ్యల మేత బస్తా, అన్నీ దాని వీపు మీదే. 1980లలో వచ్చిన టీవీఎస్ 50 ఈ ఇసుక దారుల్లో గాడిదలా పనిచేసింది. 1980ల చివర్లో రొయ్యల చెరువులు వచ్చాయి. వరి పండని ఉప్పు నేలలో టైగర్ రొయ్య డబ్బు పండింది. ఆ డబ్బుతో ఎందరో కుర్రాళ్లు ఆర్‌ఎక్స్ 100 కొన్నారు. 98 సీసీ, 11 గుర్రాల బలం, ఆ శబ్దం. కట్ట మీద దూరంగా వస్తుంటేనే ఎవరి బండో చెప్పేవాళ్లు.

తర్వాత అన్నీ ఒకదాని వెంట ఒకటి కూలాయి. 1994, 95లలో తెల్లమచ్చ తెగులు చెరువుల్ని తుడిచేసింది. 1996 డిసెంబరులో తీరప్రాంతపు రొయ్యల చెరువుల మీద సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది. అదే 1996లో మైసూరు కారఖానా మూతపడింది. ఆర్‌ఎక్స్ 100 తయారీ ఆగింది కూడా ఆ ఏడే. వీటికి ఒకదానితో ఒకటి సంబంధం లేదు. కానీ మా వైపు ముప్ఫై ఏళ్ల వయసులో ఉన్న మనిషికి ఆ సంవత్సరం ఒక జమానా ముగిసినట్టే అనిపించి ఉంటుంది.

టూ స్ట్రోక్ పోవడానికి సబబైన కారణమూ ఉంది, దాన్ని దాచకూడదు. తాజా పెట్రోలుతోనే పొగని తోయడం దాని పద్ధతి కాబట్టి, కొంత పెట్రోలు కాలకుండానే సైలెన్సర్ నుంచి బయటికి పోతుంది. పైగా పెట్రోలులో కలిపిన ఆయిలు కూడా కాలుతుంది. ఆ నీలిపొగ వాసన మనకి బచ్‌పన్ జ్ఞాపకం కావచ్చు, ఊపిరితిత్తులకి మాత్రం విషం. 1990లలో, 2000లో వచ్చిన కాలుష్య నిబంధనలు దాన్ని పక్కకి తోశాయంటే న్యాయమే. ఇప్పుడు ఈ బండ్లని నిలబెట్టేది రోజూ ఊరంతా తిరగడానికి కాదు.

బ్లాకు అనే దఫ్తర్

ఇక విప్పుదాం. జావా విప్పడానికి పెద్ద సామాను అక్కర్లేదు. స్పానర్ సెట్టు, మాగ్నెట్ లాగే పుల్లర్, కిరసనాయిలు డబ్బా, ఎమ్రీ పేపరు, మూతలున్న ప్లాస్టిక్ డబ్బాలు. కావలసింది సబర్. ఒక్కో నట్టుకి ముందురోజు రాత్రే ఆయిలు పోసి పెట్టాలి. తుప్పు పట్టిన నట్టు మీద బలం చూపిస్తే స్టడ్డు విరుగుతుంది. విరిగిన స్టడ్డు తీయించడానికి లేత్ షాపుకి పోతే రెండు రోజులు.

హెడ్డు తీసి, బ్లాకు పైకి లేపితే పిస్టన్ బయటపడుతుంది. తలమీద నల్లటి బొగ్గు మందంగా కట్టుకుని ఉంటుంది. దాన్ని చెక్కముక్కతో మెల్లగా గీకాలి, ఇనుముతో గీకకూడదు. బొగ్గు పోయాక అల్యూమినియం మీద రెండు గుర్తులు కనిపిస్తాయి. ఒకటి బాణం, అది సైలెన్సర్ వైపు ఉండాలి. రెండోది అంకె. మా పిస్టన్ మీద కనిపించిన అంకె 66.

మైసూరు నుంచి వచ్చిన రోజు ఆ సిలిండర్ లోపలి కొలత 65 మిల్లీమీటర్లు. పిస్టన్ నడక 75. ఆ లెక్కన 248 సీసీ, ఆర్సీలో రాసిందీ అంతే. వాడేకొద్దీ సిలిండర్ గోడ అరిగిపోతుంది, ఇంజిన్ బలం తగ్గుతుంది, పొగ పెరుగుతుంది. అప్పుడు మిస్త్రీ "బోర్‌కొచ్చింది" అంటాడు. సిలిండర్‌ని లేత్ మీద పావు మిల్లీమీటరు పెద్దది చేసి, దానికి సరిపడే పెద్ద పిస్టన్ వేస్తారు. 65.25, 65.50, 65.75, 66. అంటే మా బండి కనీసం నాలుగు మెట్లు ఎక్కింది. లెక్క కడితే ఇప్పుడది 256 సీసీ దాటింది. కాగితం ఒకటి చెప్తోంది, ఇనుము ఇంకొకటి చెప్తోంది. నేను ఇనుమునే నమ్ముతాను.

అబ్బా ఉర్దూలో లెక్కలు రాసుకున్న ఒక బియాజ్ మా అల్మారాలో ఉంది. పెట్రోలు, ఆయిలు, ట్యూబు, మిస్త్రీ మజూరీ, అన్నీ తారీఖులతో ఉన్నాయి. నాలుగు బోర్లూ అందులో దొరికాయి. మొదటిది 1978. రెండోది 1984. మూడోది 1989 నవంబరు తర్వాత. ఆ నెల 8న థాయ్‌లాండ్ సింధుశాఖలో పుట్టిన 'గే' తుఫాను, భూమిని దాటి, బంగాళాఖాతం దాటి వచ్చి కావలి దగ్గర తీరాన్ని తాకింది. బండి నీళ్లలో నిలిచిపోయింది. ఉప్పునీరు బ్లాకులో చేరి రింగులు గోడకి పట్టేశాయి. నాలుగోది 1993. ఆ ఏడు రొయ్యల సీజన్‌లో బండిని మా మామూ తీసుకున్నాడు. మేత బస్తాలు మోయించాడు. పెట్రోలులో ఆయిలు తక్కువ పోశాడు. ఇంజిన్ కట్ట మీదే పట్టేసింది. ఆ పేజీలో అబ్బా ఒక్క మాట కూడా కోపంగా రాయలేదు. మజూరీ అంకె పక్కన మామూ పేరు రాసి, కింద గీత గీశాడు, అంతే.

ఆ నాలుగు కొలతలు నాకు నాలుగు అధ్యాయాలు. తీరం మీదికొచ్చిన తుఫానూ, చెరువు డబ్బూ, బంధువుల మొహమాటమూ, ఒక మాస్టరు జీతమూ ఆ ఒక్క మిల్లీమీటరులో ఉన్నాయి. ఒరిజినల్ బ్లాకు కావాలని దీన్ని పారేసి, ఎక్కడో వాడకుండా దాచిన 65 బ్లాకు కొనితెచ్చి వేస్తే బజారులో ధర పెరుగుతుంది. దఫ్తర్ మాత్రం తగలబడుతుంది.

ఉస్తాద్

ఈ దఫ్తర్ రాసిన చెయ్యి మిస్త్రీది. నెల్లూరులో నా చిన్నప్పుడు టూ స్ట్రోక్ షెడ్డులో ఎక్కువగా వినపడే భాష దక్కనీ. ఉస్తాద్, షాగిర్ద్. షాగిర్ద్ మొదటి ఏడాదంతా కిరసనాయిల్లో భాగాలు కడగడం, టీ తేవడం. రెండో ఏడాది ప్లగ్గు, పాయింట్లు. పాయింట్ల సందు 0.4 మిల్లీమీటరు ఉండాలని పుస్తకం చెప్తుంది. ఉస్తాద్‌కి గేజి అక్కర్లేదు, పోస్టుకార్డు అంచో, సిగరెట్ పెట్టె అట్టో పెట్టి చూసేవాడు. కిక్ కొట్టినప్పుడు వచ్చే శబ్దంతో టైమింగ్ చెప్పేవాడు. బడికి పోని మనిషి చెవిలో అంత ఇల్మ్ ఉండేది.

మైసూరు కంపెనీ మూతపడ్డాక భాగాలు ఎక్కడివి? ఒక దారి చెన్నై. పుదుపేట పాత సామాన్ల గల్లీలు, జనరల్ ప్యాటర్స్ రోడ్డు దుకాణాలు. రెండో దారి ఉస్తాద్ చెయ్యి. క్లచ్ ప్లేట్లకి కార్కు ముక్కలు తనే కోసి అతికించేవాడు. బుష్షులు లేత్ మీద తిప్పించేవాడు. కేబుళ్ల కొసలకి సీసం తనే పోసేవాడు. ఒక బండి గేరు ఇంకో బండికి కుదిర్చేవాడు. కంపెనీ చచ్చిపోయాక కూడా ఆ బండ్లు బతికాయంటే ఈ కారీగర్ల వల్లే. ఇండియాలో జావా పేరు మళ్లీ 2018లో, యెజ్డీ పేరు 2022లో కొత్త కంపెనీ ద్వారా తిరిగొచ్చాయి. వచ్చినవి ఫోర్ స్ట్రోక్‌లు. పేరుకి విలువ మిగిలిందంటే మధ్యలో ఉన్న ఇరవై చిల్లర ఏళ్లు పాత బండ్లని రోడ్డు మీద ఉంచింది ఎవరో ఆలోచించండి.

ఆ మనుషుల్ని ఇవాళ సోషల్ మీడియాలో ఏమంటున్నారో మీకు తెలుసు. 'పంక్చర్‌వాలా' అనేది మన ఖౌమ్‌ని ఉద్దేశించిన తిట్టుగా మారింది. చదువు లేకపోవడం, ఉద్యోగాలు రాకపోవడం నిజమైన బాధలే, వాటి గురించి ఎన్నోసార్లు రాశాను. కానీ పనిని తిట్టుగా మార్చడం వేరు. పంక్చరు వేసే చెయ్యి లేకపోతే బండి ఆ చోటే ఆగిపోతుంది. ఆ చేతి ఇజ్జత్ తారీఖు పుస్తకాల్లో లేదు. మజ్‌దూరు పేరు ఏ బిల్లు మీదా ఉండదు. మా ట్యాంకు అడుగున ఇత్తడితో అతికిన వేలెడంత మచ్చ ఒకటుంది. ఎంత శుభ్రంగా పోశాడంటే, ముప్ఫై ఏళ్లకి చుట్టూ ఉన్న రేకు చీకిపోయింది గానీ అతుకు చెక్కుచెదరలేదు. ఆయన సంతకం అదే.

ఇంకో సంగతి. తొలినాళ్ల స్పార్క్ ప్లగ్గుల్లో కరెంటు బయటికి పోకుండా అభ్రకం వాడేవాళ్లు. మన గూడూరు, రాపూరు వైపు గనుల్లోంచి తీసి విదేశాలకి ఎగుమతి చేసిన ఖనిజమే అది. మోటారు లోకంతో నెల్లూరు జిల్లా బంధం జావాతో మొదలవలేదు. అక్కడా గనిలో రేకులు విడదీసిన చేతుల పేర్లు ఎవరికీ తెలియవు.

ఏది ఉంచాలి, ఏది మార్చాలి

అన్నీ ఉంచేయాలని నేననడం లేదు. ప్రాణానికి సంబంధించినవి కచ్చితంగా మార్చాలి. బ్రేకు లైనర్లు, టైర్లు, ట్యూబులు, క్లచ్, బ్రేకు కేబుళ్లు, కరెంటు వైర్లు, క్రాంకు ఆయిల్ సీళ్లు. వీటిలో ముహబ్బత్‌కి చోటు లేదు. సీలు పోతే గేర్‌బాక్స్ ఆయిలు ఇంజిన్‌లోకి చేరి తెల్లపొగ వస్తుంది, అప్పుడు ఎన్ని బోర్లు చేయించినా లాభం ఉండదు.

మా తీరంలో ఇంట్లో పనిచేసేవాళ్లకి నాలుగు మాటలు. విప్పిన ఇనుమునంతా ముందు మంచినీళ్లతో కడిగి ఎండబెట్టండి, లేకపోతే ఉప్పు రంగు కిందే ఉండి మళ్లీ పొక్కుతుంది. తుప్పు గీకిన గంటలోపే ప్రైమర్ పడాలి, రాత్రి వదిలేస్తే తెల్లారేసరికి ఎర్రబారుతుంది. ఇప్పుడొచ్చే పెట్రోలులో ఇథనాల్ 20 శాతం దాకా ఉంటోంది. అది గాలిలో తేమని లాక్కుంటుంది, పాత రబ్బరుని మెత్తబరుస్తుంది. అందుకే నడపని రోజుల్లో ట్యాంకు, కార్బరేటరు ఖాళీ చేసి పెట్టండి, పైపులు కొత్తవి వేయండి. ఆయిలు కలపడం మరవకండి, పాత లెక్క ప్రకారం లీటరుకి 40 నుంచి 50 మిల్లీలీటర్లు. 2021 నవంబరులో పెన్నా పొంగినప్పుడు మా వీధుల్లో ఎన్నో బండ్లు మునిగాయి. మునిగిన బండికి కిక్ కొట్టకూడదు, ముందు ప్లగ్గు తీసి నీళ్లు దించాలి.

ఉంచాల్సినవి వేరే ఉన్నాయి. ట్యాంకు అతుకు మీద పుట్టీ పెట్టి దాచలేదు, లోపల పూత వేయించి బయట అలాగే వదిలాను. హెడ్‌లైట్ మీద అబ్బా పెయింటర్‌తో రాయించుకున్న 786 వెలిసిపోయింది. పెయింటు వేసే కుర్రాడు "స్టిక్కర్ వేద్దాం అన్నా, నీటుగా ఉంటుంది" అన్నాడు. వద్దన్నాను. ఆ ఏడు అంకె కాస్త వంకరగా ఉంటుంది. దాని చుట్టూ టేపు కట్టి మిగతాదానికి రంగు కొట్టాడు.

ఇక కాయిదా మాట. 2021లో కేంద్ర సర్కారు వింటేజ్ బండ్లకి వేరే రిజిస్ట్రేషన్ తెచ్చింది. మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటినవాటికి. నంబరులో 'వీఏ' అనే అక్షరాలు వస్తాయి. షరతు ఏమిటంటే, బండి తన అసలు రూపంలో ఉండాలి, ఛాసిస్, బాడీ, ఇంజిన్‌లలో పెద్ద మార్పులు జరిగి ఉండకూడదు. ప్రదర్శనలకీ ర్యాలీలకీ తప్ప మామూలుగా రోడ్డు మీద తిప్పకూడదు. పాత బండ్లని తుక్కు కాకుండా కాపాడే కాయిదా కాబట్టి దాన్ని తప్పుపట్టను. కానీ ఆ షరతులో కూడా మళ్లీ అదే మాట, అసలు. కంపెనీ గేటు దాటిన రోజుతో బండి తారీఖు ముగిసిపోయినట్టు. మాకు మాత్రం ఆ రోజే మొదలైంది. నేను మామూలు రిజిస్ట్రేషనే ఫిట్‌నెస్ చూపించి కొనసాగిస్తున్నాను. నెలకి రెండుసార్లు మైపాడు దాకా పోయి రావడానికి అది చాలు.

బ్లాకు సంగతి చివరికి ఇలా తేలింది. గోడ ఇంకో బోరుకి తట్టుకునేలా లేదని లేత్ ఉస్తాద్ అన్నాడు. అలాంటప్పుడు స్లీవ్ వేస్తారు. పాత సిలిండర్‌ని ఇంకా పెద్దది చేసి, దాని లోపల ఇనుప గొట్టం ఒకటి దింపి, కిటికీలు మళ్లీ కోసి, కొలతని 65 దగ్గరికి తెస్తారు. బయట బ్లాకు మైసూరుది, లోపలి గోడ నెల్లూరుది. ఒరిజినలేనా అని అడిగినవాళ్లకి ఇప్పుడు నేనేం చెప్పాలి? అవునని చెప్పినా కాదని చెప్పినా అబద్ధమే అవుతుంది.

పాత 66 పిస్టన్‌ని బొగ్గు గీకి, ఆయిలు రాసి, బియాజ్ పక్కన అల్మారాలో పెట్టాను. మీ ఇళ్లల్లో కూడా ఇలాంటి బండి ఏదైనా ఉంటే, పాలిష్ చేయించే ముందు ఒక పని చేయండి. దాన్ని బాగుచేసిన మిస్త్రీ ఇంకా బతికి ఉంటే వెళ్లి కూర్చోండి, ఏ ఏడు ఏం మార్చాడో అడగండి, రాసుకోండి. చాలామంది ఉస్తాద్‌లు డెబ్భై దాటారు. మా లేత్ ఉస్తాద్ స్లీవ్ దింపాక, తేదీ, తన పేరు ఒక చీటీ మీద రాసిమ్మని అడిగితే నవ్వాడు. యాభై ఏళ్ల పనిలో అలా అడిగినవాడు ఎవరూ లేరట. తర్వాత చేతులు కడుక్కొని వచ్చి, టూల్ బాక్స్ మూత లోపలి వైపు పెన్సిల్‌తో ఉర్దూలో రాశాడు. దాని పక్కన నేను తెలుగులో రాశాను.